కసూర్ చలిదేనా?

డిసెంబర్ వచ్చిందంటే మా పాలమూరు భాయీలందరిదీ ఒకటే షికాయత్: "యార్, బండి మైలేజీ ఇస్తలేదు." బంకోణ్ని తిడతరు, చలిని తిడతరు.

చలి కసూర్ కొంత ఉంది, కాదనను. చల్లటి ఇంజన్ పెట్రోలైనా డీజిలైనా మొదట ఎక్కువే తాగుతుంది. ఫజర్‌కు గల్లీ చివరి మసీదుదాకా కారు తీస్తే అది వేడెక్కకముందే ఆపేస్తాం. నడిస్తే ఐదు నిమిషాలు! ఇక టైర్ల గాలి ఎవరికీ యాద్ ఉండదు. 10 డిగ్రీలు పడితే దాదాపు 2 పీఎస్‌ఐ తగ్గుతుంది. ఏప్రిల్ ఎండలో నింపిన గాలితో జనవరి తెల్లారుజామున నల్గొండలో బయల్దేరితే టైరు మెత్తగా ఉండక ఏమైతది?

కానీ బడా కసూర్ మన కుడికాలిది. దావత్‌కు దేర్ అయిందని జడ్చర్ల దాటగానే 44వ నంబర్ హైవే మీద 120. స్పీడు 80 నుంచి 120కి పోతే ఎదురుగాలి అడ్డు రెండింతలు దాటుతుంది. మిగిలేది కొన్ని నిమిషాలు, అవి టోల్ దగ్గరే ఖతం.

మా ఖాలా కొడుకుది కిరాయి కారు. డీజిల్ ఖర్చు రోజు కమాయీలోంచే పోవాలె. అయినా పొద్దున్నే "గరం కానీ" అని పది నిమిషాలు ఇంజన్ ఊరికే ఆన్ చేసి పెట్టేవాడు. ఇప్పటి బండ్లకు అర నిమిషం చాలు, తర్వాత మెల్లగా నడిపితే అదే వేడెక్కుతుంది అంటే వినలేదు. నెల రోజులు హిసాబ్ రాయమన్నా. రాశాడు. ఇప్పుడు నేను కారెక్కితే నాకే సబక్ చెప్తున్నాడు.