మోటారునకు రెండు బూరలు

ఈ మాసము మోటారు హారనును గూర్చి ముచ్చటింపదలచితిమి. "ఇది పురుషుల పని గదా" యని పుట త్రిప్పకుడు. బండి నడుపువారిలో నేడు స్త్రీలును గలరు. బూర మ్రోగగా ఉలికిపడువారిలో మన బిడ్డలును గలరు.

గత సంక్రాంతికి విజయవాడనుండి బందరు కాలువ గట్టున పుట్టింటికి పోవుచుంటిమి. బెంజి సర్కిలు రద్దీలో లారీలవారికి వినబడవలెనని మావారు బండికి పెద్ద హారను పెట్టించియుండిరి. గట్టుపై నొక ముదుసలి గేదెలను తోలుకొని పోవుచుండెను. మావారు అలవాటు చొప్పున హారను నొక్కిరి. బెదరిన దూడ కాలువలోనికి జారెను. దానిని పట్టుకొనుటకు ఆమెయు దిగెను. దైవవశమున నీరు మొలలోతే యుండుటచే ఇద్దరును గట్టెక్కిరి. తడిసిన కొంగు పిండుకొనుచు ఆమె, "బండి మీదే గాని, దారి అందరిదీ గదమ్మా!" అనెను. మేము మారు పలుకలేకపోతిమి.

చిన్న హారను పట్టణపు రద్దీకి చాలదు. పెద్దది గట్టున ప్రమాదము. కావున రెండింటిని ఉంచి, కావలసినదానిని ఎన్నుకొను స్విచ్చి పెట్టించితిమి. ఆటోనగరు మెకానిక్కు చేసిన విధమిది.

మొదట బ్యాటరీ నెగటివు తీగె విప్పవలెను. స్టీరింగును విప్పరాదు, అందు ఎయిర్‌బ్యాగు ఉండవచ్చును. పాత హారనునకు కరెంటు తెచ్చు తీగెను మూడు కాళ్ల స్విచ్చి నడిమి కాలికి కలుపవలెను. రెండు ప్రక్క కాళ్లనుండి తీగెలు రెండు రిలేల 86వ గుర్తులకు పోవును. 85వ గుర్తులు బండి ఇనుప చట్రమునకు. బ్యాటరీనుండి ఫ్యూజు మీదుగా లావు తీగె 30వ గుర్తులకు. 87వ గుర్తులనుండి ఒక్కొక్క హారనునకు. ఫ్యూజు బ్యాటరీ చెంతనే యుండవలెను. రిలే లేక హారను కరెంటంతయు చిన్న స్విచ్చి గుండ పోయినచో అది వేడెక్కి చెడును.

స్వరములు వరుసగ మార్చు బూరలను, కర్ణకఠోరమగు బూరలను 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 119వది నిషేధించుచున్నది. అందుచే మేమును మా పాత పెద్దదానిని తీసివేయించి, ఒకే స్వరము గల మితమైనదానిని పెట్టించితిమి. నివాసస్థలములలో రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 వరకు అత్యవసరమున దప్ప ఏ హారనును మ్రోగింపరాదు.

వేణు వూదినదియు, పాంచజన్యము పూరించినదియు నొక్క స్వామియే. అయినను బృందావనపు గోవుల నడుమ ఆయన శంఖమును ఊదలేదు. మా స్విచ్చి ఎల్లప్పుడు చిన్న హారను వైపే యుండును. రహదారి యెక్కిన పిదపనే పెద్దదానికి త్రిప్పుదుము, దిగగానే మరల చిన్నదానికి. దానిని కనిపెట్టుట మా వంతు. కాలువ గట్టున గేదెలు కనబడినచో ఏ హారనును నొక్కము. బండి నిలిపి, అవి దాటిన పిమ్మటనే సాగుదుము.