ఈ నెల మాట: మందలించడం



పోయిన నెల మా గుడి తరగతిలో పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాను. "మీ ఇంట్లో మీరు వినే తెలుగు మాటలు చెప్పండి." ఒక పాప "అన్నం తిను" అంది. ఒక బాబు "నోరు మూసుకో" అన్నాడు. తర్వాత వరసగా వచ్చాయి. "సిగ్గు లేదా?" "బుద్ధి లేదా?" "దెబ్బలు తింటావు!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చాక నవ్వు రాలేదు. డర్బన్‌లో చాలా ఇళ్లలాగే మా ఇంట్లోనూ ఇంగ్లీషే ఎక్కువ. నాకు కోపం వచ్చినప్పుడు మాత్రం మా అవ్వ తెలుగు బయటికి వస్తుంది. మా పిల్లలకు తెలుగు అంటే తిట్ల భాష.

మా అబ్బాయికి తొమ్మిదో తరగతిలో లెక్కల్లో 31 మార్కులు వచ్చాయి. ఆ కాగితం నాకు చూపించలేదు. నా సంతకం వాడే పెట్టేశాడు. పరుపు కింద నాకు దొరికింది. "టీచరు కొడుకువి, సిగ్గు లేదా?" అని అరిచాను. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత నాకు మంచి మార్కులే చూపించాడు. చెడ్డవి ఎక్కడ దాచాడో నాకు ఇప్పటికీ తెలియదు.

బడిలో అదే మార్కులు వచ్చిన పిల్లవాడి పక్కన కూర్చుని, "ఏ లెక్క కష్టంగా ఉంది?" అని అడిగేదాన్ని. నా కొడుకును అడగలేదు.

మన పెద్దలు అయిదేళ్ల ఒప్పందం మీద నేటాల్ చెరకు తోటలకు వచ్చారు. పనికి రాకపోతే జీతం కోసేవారు, రేషన్ కోసేవారు. సర్దారు ముందు ఎదురు మాట్లాడితే ప్రమాదం. అందుకే పిల్లలకు ముందు భయం నేర్పారని నేను అనుకుంటాను. తోట పోయింది. భయం మాత్రం ఇంట్లో ఉండిపోయింది. 1996 చట్టం బడిలో బెత్తాన్ని ఆపింది. పిల్లల్ని కొట్టే తల్లిదండ్రులకు ఉన్న చట్టపు రక్షణను 2019లో రాజ్యాంగ న్యాయస్థానం తీసేసింది. నాలుకను ఆపే పని మాత్రం మనదే.

డయానా బౌమ్రిండ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1960లలో పిల్లల పెంపకాన్ని మూడు రకాలుగా చెప్పారు. మన భాషలో వాటికి దగ్గరగా మూడు మాటలు ఉన్నాయి.

గద్దించడం: "నేను చెప్పాను, అంతే!" ఇక్కడ పిల్లల మాటకు చోటు లేదు.

గారాబం చేయడం: ఏం చేసినా సరే అనడం. పిల్లవాడు పడకముందే ఎత్తుకోవడం. వాడు లేవడం ఎప్పుడు నేర్చుకుంటాడు?

మందలించడం: తప్పును తప్పు అని చెప్పడం, కానీ మనిషిని చిన్నబుచ్చకుండా చెప్పడం. నియమం ఉంటుంది, దానికి కారణం చెబుతాం, పిల్లల మాట కూడా వింటాం. ఇలా పెరిగిన పిల్లలకు తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా ఉండటం ఆమె చూశారు.

కష్టం వచ్చినప్పుడు పిల్లలు చేయవలసిన మొదటి పని, దాన్ని ఎవరికైనా చెప్పడం. ఇంట్లో భయం ఉంటే ఆ మొదటి పనే జరగదు.

పోయిన ఏడాది మా అబ్బాయి ఉద్యోగం పోయింది. మూడు వారాల తర్వాత ఫోన్ చేశాడు. "అమ్మా, కోప్పడకు," అని మొదలుపెట్టాడు. వాడికి ఇప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. ఆ మాట నాకు గుచ్చుకుంది. "ఇంటికి రా నాన్నా. అన్నం తిను. తర్వాత మాట్లాడుకుందాం," అన్నాను, తెలుగులోనే. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పప్పు ఉందా?" అని అడిగాడు.

ఈ నెల ఇంట్లో ఈ మూడు వాక్యాలు వాడండి. పెద్దగా చదివి నేర్చుకోండి.

"ఏమైంది, చెప్పు నాన్నా."
"ఇది తప్పు. ఎలా సరిచేద్దాం?"
"మళ్లీ ప్రయత్నించు, నేను ఇక్కడే ఉంటాను."

మీ పిల్లలు ఏమన్నారో నాకు రాయండి. తెలుగులో తప్పులు ఉన్నా ఫరవాలేదు. నేను మందలిస్తాను, అంతే!