యోగక్షేమాలు

ఉత్తరాలు రాసుకొనే రోజుల్లో తెలుగువారి కార్డు మీద మొదటి మాట క్షేమసమాచారమే. "ఇక్కడ మేమంతా క్షేమం. మీ యోగక్షేమాలు తెలుపగలరు" అని రాసిన తరువాతే అసలు విషయం మొదలయ్యేది. అలవాటుగా రాసిన ఆ సమాసంలో రెండు వేరు వేరు భావాలున్నాయి. యోగమంటే లేనిదానిని పొందటం. క్షేమమంటే పొందినదానిని కాపాడుకోవటం. కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో రాజదండాన్ని యోగక్షేమ సాధనంగా పేర్కొన్నాడు. ప్రజలకు సంపాదించుకొనే అవకాశాన్ని, సంపాదించినది నిలుస్తుందన్న భరోసాను కల్పించటమే పాలన లక్ష్యమని దాని భావం. జీవన ప్రమాణం, జీవన నాణ్యత అని ఈనాడు మనం అంటున్న మాటలకు ఇవి దగ్గరి చుట్టాలు. అయితే రెండు దేశాల బతుకులను పోల్చేటప్పుడు మనం యోగాన్ని లెక్కించి క్షేమాన్ని మరచిపోతున్నాం.

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అడిక్‌మెట్ ప్రాంతంలో శాశ్వత ప్రాంగణం ఏర్పడింది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం ముందు నిలిచి విద్యార్థులను వారి ఆశయమేమిటని అడిగితే, అమెరికా పేరు తరచు వినిపిస్తుంది. పక్కనున్న తార్నాకలో పిల్లలను విదేశాలకు పంపిన ఇళ్ళు కొల్లలు. 2023-24 విద్యాసంవత్సరంలో 3,31,000 మందికి పైగా భారతీయ విద్యార్థులు అమెరికాలో ఉన్నారు. అక్కడి విదేశీ విద్యార్థులలో మనవారిదే మొదటి స్థానం. ఇంతమంది ప్రయాణానికి ఆధారమైన పోలిక మాత్రం చాలా చిన్నది. జీతమెంత? దానిని రూపాయలలోకి మారిస్తే ఎంత?

ఈ గుణకారం తప్పుదారి పట్టిస్తుంది. 2023లో అమెరికా తలసరి ఆదాయం సుమారు 82,000 డాలర్లు, మనది సుమారు 2,500 డాలర్లు. తేడా ముప్పై రెట్లకు పైమాటే. కాని డాలరు సంపాదించినవాడు డాలరులోనే అద్దె కట్టాలి, డాలరులోనే క్షవరం చేయించుకోవాలి. రెండు చోట్లా ధరలను సరిచూసి లెక్కగడితే ఆ తేడా ఎనిమిది రెట్ల చేరువకు దిగుతుంది. అదీ పెద్ద తేడాయే. ఆదాయంతోపాటు విద్యను, ఆయుర్దాయాన్ని కూడా కలిపి చూసే మానవాభివృద్ధి సూచిక 1990లో వచ్చింది. 2025 నివేదికలో అమెరికాది 17వ స్థానం, మనది 130వ స్థానం. అమెరికా మనకంటె ఎంతో ముందున్నదన్నది నిజం. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆర్థిక వ్యవస్థ అయి ఉండి పదహారు దేశాల వెనుక నిలిచిందన్నదీ నిజమే.

తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. కూనూరులో పుట్టిన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తిండికి ఎంత ఖర్చయిందన్న దానికంటె, తిన్నదానిలో శరీరానికి ఏమి అందిందన్నదే పోషకాహార శాస్త్రానికి ముఖ్యం. దేశాలకూ ఈ కొలతే తగినది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. అయిదేళ్ళలోపు పిల్లలలో నూటికి 35 మందికి పైగా వయసుకు తగిన ఎత్తు లేరు. అమెరికాలో వయోజనులలో నూటికి సుమారు 40 మంది స్థూలకాయులు. ఒకచోట లేమి, మరొకచోట కలిమి శరీరాన్ని కుంగదీస్తున్నాయి.

ఇక క్షేమం మాట. అమెరికాలో బడి బస్సు ఆగి ఎర్రదీపం వెలిగిస్తే వెనుక వచ్చే వాహనాలు ఆగవలసిందే. వికలాంగుల హక్కులకై 1990లో చేసిన చట్టం ఫలితంగా చక్రాల కుర్చీలో ఉన్నవారు ఎవరి చేయూతా లేకుండా బస్సు ఎక్కగలుగుతున్నారు. మనకూ 2016లో అటువంటి చట్టం వచ్చింది; మన కాలిబాటలకు ఇంకా చేరలేదు. అయితే ఆ సంపన్న దేశంలోనే 2023లో సుమారు 2 కోట్ల 60 లక్షల మందికి ఆరోగ్య బీమా లేదు. బిడ్డను కన్న ఉద్యోగినికి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని అన్ని సంస్థలకు వర్తించే జాతీయ చట్టం లేదు. 1993 చట్టం పన్నెండు వారాల సెలవు ఇస్తుంది, జీతం ఇవ్వదు. తాత్కాలిక వీసాపై పనిచేసే మన యువకుడి ఉద్యోగం పోతే, కొత్త దారి వెదుక్కోవటానికి సాధారణంగా అరవై రోజులే గడువు. యోగం ఎంత పెద్దదైనా ఆ ఇంటి క్షేమం సన్నని దారానికి వేలాడుతున్నది.

అలాగని మనం గర్వించవలసిన పని లేదు. మన ప్రసూతి చట్టం 2017 నుండి ఇరవై ఆరు వారాల జీతపు సెలవు ఇస్తున్నది. కాని పొలంలో, ఇళ్ళలో, కట్టడాల వద్ద పనిచేసే తల్లులకు ఆ చట్టం అందటం లేదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో పేద కుటుంబాలను ఆదుకొన్నది. అయినా 2021-22లో దేశం మొత్తం వైద్య వ్యయంలో దాదాపు 39 శాతం రోగుల కుటుంబాలే నేరుగా భరించాయి. మన క్షేమానికి ఇప్పటికీ పెద్ద ఆధారం బంధువర్గమే. మేనమామ అప్పిస్తాడు, పిన్ని పథ్యం వండిపెడుతుంది, ఎదురింటివారు ఆసుపత్రికి తోడు వస్తారు. ఇది అమూల్యమైన సంపద. కాని చుట్టాలూ పేదవారైన ఇంట, ఊరు విడిచివచ్చిన కూలీ గుడిసెలో ఈ ఆసరా ఎంతవరకు నిలుస్తుంది? ఆప్యాయతను పొగిడి, చట్టం చేయవలసిన పనిని చుట్టాల మీద వదిలివేయటం న్యాయం కాదు.

కనుక దేశాలను పోల్చవలసింది వాటి శిఖరాల వద్ద కాదు, అడుగు మెట్టు వద్ద. అందరికంటె తక్కువ సంపాదించే మనిషి జబ్బుపడితే ఏమవుతాడు? అతని బిడ్డకు చదువెక్కడ దొరుకుతుంది? అతని తల్లి నిర్భయంగా వీధి దాటగలదా? ఈ ప్రశ్నలకు మేలైన సమాధానం చెప్పగలిగిన దేశానిదే నాణ్యమైన జీవితం. ఇరవై వేల రూపాయల ఉద్యోగికైనా, లక్ష డాలర్ల ఉద్యోగికైనా ఇదే కొలత.

విద్యార్థులారా, మీలో కొందరు సముద్రాలు దాటుతారు, కొందరు ఇక్కడే ఉంటారు. రెండూ గౌరవప్రదమైన మార్గాలే. వెళ్ళేవారు జీతంతోపాటు బీమా, వీసా, ఒంటరితనం కూడా లెక్కవేసుకొని వెళ్ళాలి. ఉండేవారు బడి బస్సుకు దారి ఇవ్వటం నుండి ప్రభుత్వాసుపత్రిని నిలబెట్టుకోవటం వరకు క్షేమాన్ని పెంచే ప్రతి పనిలో పాలుపంచుకోవాలి. పక్కవాడి క్షేమం అడిగిన తరువాతే సొంత విషయం ఎత్తటం మన ఉత్తరాల మర్యాద. అది మన పౌరధర్మం కూడా కావాలి.