చదువు బాకీకి పంట పైకము

నారుమళ్లను గూర్చియు, పచ్చిరొట్ట యెరువులను గూర్చియు వ్రాయవలసిన ఈ పుటలలో చదువు అప్పును గూర్చి వ్రాయుటకు కారణము కలదు. మేము ప్రదర్శన క్షేత్రముల పనిమీద గ్రామములకు పోవునపుడు రైతులు విత్తనములను, తెగుళ్లను గూర్చి యడుగుదురు. ఆ ప్రశ్నలు ముగిసి, నలుగురును వెడలిపోయిన పిమ్మట, ఒకరిద్దరు వెనుక నిలిచి, బ్యాంకునుండి వచ్చిన నోటీసును మా చేతికిచ్చి చదివి చెప్పుమనుచున్నారు. పైరునకు దోమ సోకినచో పదిమందిలో చెప్పుకొందురు గాని, కుమారుని చదువు బాకీ వాయిదా తప్పినదని చెప్పుకొనుటకు సిగ్గుపడుదురు. సిగ్గుచే దాచిన నెలలలోనే బాకీ చేయిదాటుచున్నది.

ఈ బాధ మన దేశమునకే పరిమితము కాదు. ఇంగ్లండులో విశ్వవిద్యాలయమున జేరిన విద్యార్థులకు బ్యాంకులు ఓవర్‌డ్రాఫ్టు అను సదుపాయము నిచ్చుచున్నవి. ఖాతాలో పైకము లేకున్నను ఒక పరిమితి వరకు తీసి వాడుకొనవచ్చును. కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతా నెరిగిన మన సభ్యులకు దీనిని వేరుగ వివరింప నక్కరలేదు. చదువు సాగినన్నాళ్లు దానిపై వడ్డీ లేదు. పట్టము పుచ్చుకొన్న తరువాత ఆ వడ్డీలేని పరిమితి ఏటేట తగ్గి, సాధారణముగా రెండు మూడేండ్లలో తొలగిపోవును. అప్పటికిని తీరక మిగిలిన బాకీపై ఇతర ఖాతాలకువలెనే వడ్డీ పడును. 2020 నుండి అచ్చటి పెద్ద బ్యాంకులలో ఆ వడ్డీ సాలీనా నూటికి 40కి సమీపముగా నున్నది. మన ఊరి లెక్కలో చెప్పవలెనన్న నెలకు నూటికి మూడు రూపాయల పైచిలుకు! మన వడ్డీవ్యాపారిని చూచి ముక్కుమీద వ్రేలు వేసికొనువారు ఈ సంఖ్యనుగూడ ఒకమారు చూడవలయును.

అదే విద్యార్థికి ప్రభుత్వపు చదువు ఋణము వేరొకటి యుండును. దాని వసూలు పద్ధతి వేరు. ఆర్జన ఒక నిర్ణీతమైన మొత్తమును మించినపుడే, మించిన భాగములో నూటికి 9 వంతున జీతమునుండి పట్టుకొందురు. ఉద్యోగము పోయినచో వాయిదాయును నిలిచిపోవును. ఆస్ట్రేలియాలో ఇట్టి పద్ధతి 1989లోనే మొదలయ్యెను. ఇంగ్లండులో 1998లో వచ్చినది. పిల్లవాడొక్కడే, బాకీలు రెండు: ఒకటి వాని ఆర్జనకై వేచియుండును, రెండవది వేచియుండదు. మన బ్యాంకులిచ్చు చదువు అప్పులు ఈ రెండవ జాతివి. మా అభ్యంతరమంతయు నిచ్చటనే యున్నది.

మన దేశములో చదువు అప్పులకు బ్యాంకుల సంఘము 2001లో నొక మాదిరి పథకమును ఏర్పరచెను. 4 లక్షల వరకు ఆస్తి హామీ గాని పరుల జామీను గాని లేదు. 7½ లక్షలు దాటినచో ఆస్తి తనఖా పెట్టవలసియుండును. మొత్తమెంతయైనను తండ్రి గాని తల్లి గాని విద్యార్థితో కలిసి వ్రాలు చేయవలయును. ఆ వ్రాలు సాక్షి సంతకమని తలచువారు మాకు పెక్కురు కనబడిరి. అది సాక్షి వ్రాలు కాదు, బాకీదారు వ్రాలు. కుమారుడు వాయిదా తప్పినచో తండ్రి పేరుగూడ సిబిల్ పట్టీలో చెడును. మరునాడు ట్రాక్టరు అప్పునకు పోయిన ఆ తండ్రికి బ్యాంకులో ఎదురగు మాట వేరుగా నుండును.

ఒక లెక్క చూతము. నాలుగేండ్ల ఇంజనీరింగు చదువునకు ఏటికి 1,50,000 వంతున 6,00,000 రూపాయలు అప్పు తెచ్చిరనుకొందము. వడ్డీ నూటికి 10. చదువుకాలమునకును, ఆపై నొక యేటికిని వాయిదాలు లేవు. వాయిదా లేదనగానే వడ్డీ లేదని మనవారు సంతోషింతురు. వడ్డీ నడచుచునే యుండును. మొదటి యేట 15,000, రెండవ యేట 30,000, మూడవ యేట 45,000, నాల్గవ యేట 60,000, ఉద్యోగము వెదకుకొను నైదవ యేట మరల 60,000; వెరసి 2,10,000. అంతవరకు బారువడ్డీయే. ఐదేండ్లు నిండిననాడు ఇది అసలులో కలిసి బాకీ 8,10,000 అగును, వడ్డీకి వడ్డీ మొదలగును. పదేండ్లలో తీర్పవలెనన్న నెలకు సుమారు 10,700 రూపాయలు కట్టవలయును. వడ్డీని ఏ యేటిదా యేట చెల్లించుచు వచ్చియుండినచో బాకీ 6,00,000 వద్దనే నిలిచి, నెలవాయిదా 7,930తో సరిపోయెడిది. కొన్ని బ్యాంకులు అట్లు చెల్లించువారికి వడ్డీలో నూటికి 1 తగ్గించునుగూడ. మొదటి యేట నెలకు 1,250 రూపాయలు. పాడిగేదె యున్న యింట ఇది అసాధ్యము కాదు. నాల్గవయేటి 5,000 మాత్రము బరువే, అది మేమెరుగనిది కాదు.

వడ్డీ రేటుగూడ నిలుకడగా నుండునని తలపరాదు. 2020 మే నెలలో నూటికి 4గా నుండిన రిజర్వు బ్యాంకు రెపో రేటు 2023 ఫిబ్రవరి నాటికి 6½ అయ్యెను. 2025లో మరల తగ్గినది. దానితో ముడిపడిన అప్పులన్నియు దానివెంట నెక్కి దిగినవి.

ఇక అసలు చిక్కు. పంట అప్పు తీర్చుటలో ఆలస్యమైనచో రిజర్వు బ్యాంకు నిబంధనలే పంటకాలమును లెక్కలోనికి తీసికొనును: స్వల్పకాలపు పంటలకు రెండు పంటకాలములు, దీర్ఘకాలపు పంటలకు ఒక పంటకాలము గడచిన తరువాతనే దానిని మొండి బాకీగా వ్రాయుదురు. చదువు అప్పునకు 90 దినములే గడువు. పిల్లవానికి ఉద్యోగము దొరకక, వాయిదా భారము తండ్రిపై బడినప్పుడు, కట్టువాడు రైతే, కట్టు పైకము వడ్లదో ప్రత్తిదో మిరపదో అయినను, లెక్క మాత్రము నెలజీతగానికి వేసినదే. సార్వా వడ్లు అమ్ముడగువరకు ఆగుమని ఆ నోటీసుతో చెప్పుటకు వీలులేదు.

అప్పుడు రైతు చేయుచున్నదేమి? పంట అప్పు పైకమును తీసి చదువు వాయిదాకు కట్టుచున్నాడు. పంట అప్పు 3 లక్షల వరకు నూటికి 7 వడ్డీకి దొరకును, గడువులో తీర్చినవారికి 4 మాత్రమే పడును. కావున నూటికి 10 గల బాకీకి దీనిని కట్టుట లాభముగానే తోచును. కాని యూరియా చల్లవలసిన దినమున చేతిలో పైకముండదు. నెలకు నూటికి 2 రూపాయలకు ఊరిలో తెచ్చును. అనగా సాలీనా 24. పంట అప్పు గడువు మీరినచో ఆ తగ్గింపును పోవును. ఎరువు ఆలస్యమై దిగుబడి తగ్గినపుడు మేము పోయి తెగులును వెదకుచుందుము. వెదకవలసినది ఇంటి పద్దులో!

భూమిని గూర్చి ఒక మాట. బ్యాంకులు హామీ యాస్తిని న్యాయస్థానమునకు పోకుండ స్వాధీనపరచుకొనుటకు 2002లో చేసిన చట్టము వ్యవసాయ భూమికి వర్తింపదు. ఇది రైతునకు రక్షయే. అయితే ఆ కారణముచేతనే అనేక బ్యాంకులు చదువు అప్పునకు పొలమును హామీగా తీసికొన సందేహించి, ఇంటినో పట్టణపు స్థలమునో యడుగును. అవి లేనివారు, ముఖ్యముగా పిల్లలను అమెరికాకు పంపగోరువారు, పొలమును ప్రైవేటుగా తాకట్టుపెట్టుటయో అమ్ముటయో జరుగుచున్నది. చట్టము కాపాడిన పొలము ఈ ద్వారమున జారిపోవుచున్నది.

ప్రభుత్వము ఎప్పుడో రద్దు చేయునని కూర్చుండువారు గలరు. 2014లో రెండు రాష్ట్రములలోను, 2024లో తెలంగాణములోను జరిగిన మాఫీలు పంట అప్పులకు సంబంధించినవి. చదువు అప్పులు వానిలో చేరలేదు. దొరకు సహాయము వేరొకటి కలదు, దానినడుగువారు తక్కువ. 2009లో మొదలైన కేంద్ర పథకము ప్రకారము, కుటుంబపు వార్షికాదాయము 4½ లక్షలకు మించనిచో, మన దేశములో గుర్తింపుగల సంస్థలలో సాంకేతిక వృత్తివిద్యలు చదువువారికి వాయిదాలులేని కాలపు వడ్డీని ప్రభుత్వమే భరించును. పై లెక్కలోని 2,10,000 అదే! 2024 నవంబరులో ఆమోదింపబడిన పీయం విద్యాలక్ష్మి పథకము 8 లక్షల వరకు ఆదాయముగల కుటుంబములలో కొందరికి, 10 లక్షల వరకు అప్పుపై నూటికి 3 వడ్డీ తగ్గింపు నిచ్చుచున్నది. అయితే అది ఎంపికచేసిన మేలైన విద్యాసంస్థలలో చేరినవారికే. వీనికి తహశీల్దారు ఆదాయ ధ్రువపత్రము కావలెను. అప్పు తెచ్చిననాడే దానిని బ్యాంకునకు ఇచ్చితిమో లేదో చూచుకొనవలయును.

ఫీజు రీయింబర్సుమెంటు గల పిల్లలకు వేరొక కష్టము. ప్రభుత్వమునుండి రావలసిన ఫీజులు నిలిచినపుడు కొన్ని కళాశాలలు విద్యార్థియే చెల్లించిననే గాని ధ్రువపత్రములు ఈయమనుచున్నవి. పత్రము లేనిదే ఉద్యోగము లేదు, ఉద్యోగము లేనిదే వాయిదా లేదు. ఇందు పిల్లవాని తప్పేమి?

మేము కోరునది రద్దు కాదు. తెచ్చిన అప్పు తీర్పవలసినదే. తీర్చు పద్ధతి ఆర్జననుబట్టి యుండవలెనని మా యభిప్రాయము. అట్లయిన పిల్లలు ఆదాయమును దాచెదరని బ్యాంకువా రందురు. జీతము పుచ్చుకొనువారి భవిష్యనిధియు, ఆదాయపు పన్నును యజమానియే పట్టుకొని చెల్లించుచున్నాడు గదా. ఆ చేతితోనే దీనినిగూడ పట్టవచ్చును. స్వంత వ్యాపారము చేయువారి విషయమున చిక్కు కలదు, దానిని కాదనము. అంతవరకు, వాయిదా కట్టువాడు రైతయినచోట నెలవాయిదాను మాని, పంటవాయిదాలు రెండు పెట్టుట కేమి యడ్డము? చదువు అప్పులిచ్చు జిల్లా సహకార బ్యాంకులైనను దీనికి ముందడుగు వేయవచ్చును. పరపతి సంఘములు రైతుకొరకే పుట్టినవి. నెలజీతగాని పట్టికను రైతునకు వర్తింపజేయుట వానికి తగదు.

ఇప్పటికే వాయిదా తప్పినవారు 90 దినములు నిండకముందే పిల్లవానితో కలిసి బ్యాంకునకు పోయి, ఉద్యోగము లేదని వ్రాతపూర్వకముగా తెలిపి, గడువు పెంపును కోరవలెను. పదేండ్ల అప్పును పదునైదేండ్లకు పొడిగించినచో మన లెక్కలోని 10,700 సుమారు 8,700 అగును. మొత్తముమీద చెల్లునది మాత్రము 12,84,000కు బదులు 15,66,000 దాటును. కాబట్టి చేతిలో మిగులున్న యేట అసలులోనికి కొంత అధికముగా కట్టుచుండవలయును. ఆ అర్జీకి బ్యాంకువారి ముద్రవేసిన నకలు తెచ్చుకొనుట మరువరాదు.

పిల్లలను కళాశాలలలో చేర్పు కాలమునకు ముందుగా సంఘ మహాసభ జరుగునేని, పంటవాయిదాల విషయమై జిల్లా బ్యాంకునకు తీర్మానము పంపుటకు వీలగును. తీర్మానమునకు కావలసిన లెక్కలను, నోటీసు వచ్చిన సభ్యుల పేరులు వెలిబుచ్చకుండ, కార్యదర్శికి మేము వ్రాసి యిచ్చెదము.