అంబాసిడర్‌కి నివాళులు సరే, చేతక్ మాటేమిటి?

పాత బండ్ల ప్రస్తావన వస్తే చాలు, మనవాళ్లు అంబాసిడర్‌ను తలుచుకుని నిట్టూరుస్తారు. నా ఓటు మాత్రం బజాజ్ చేతక్‌కే. కారునూ స్కూటర్‌నూ ఒకే తక్కెడలో తూస్తావా అంటారేమో, రెండూ లైసెన్సుల కాలం బిడ్డలే. రెంటికీ జనం బుక్ చేసుకుని ఏళ్లకేళ్లు ఎదురుచూశారు. బ్రిటన్ వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పేరు మార్చుకుని అంబాసిడరై, ఉత్తరపారాలో 2014 దాకా దాదాపు అదే రూపంలో తయారైంది. వెనక సీటు విశాలమే, గతుకుల రోడ్డునూ ఓర్చుకునేది, కాదనను. కానీ ఆ సుఖం ఎక్కువగా దక్కింది కలెక్టర్లకీ మంత్రులకీ. 1972లో వచ్చిన చేతక్ గుమాస్తాలనూ బడిపంతుళ్లనూ మోసింది: ముందు పిల్లాడు నిలబడి, వెనక ఇల్లాలు ఒళ్లో పాపతో, కొక్కేనికి కూరల సంచి. పంచరైతే స్టెప్నీ వెంటే ఉండేది. మొరాయిస్తే ఓ పక్కకు వంచి కిక్ కొడితే చాలాసార్లు లేచేది. ఇంజిన్ బరువంతా కుడివైపే, ఇక టూ స్ట్రోక్ పొగ సంగతి సరేసరి. అయినా అంబాసిడర్ లోటుపాట్లు బయటపడటానికి ఒక్క మారుతి 800 చాలింది. చేతక్‌ను పక్కకు నెట్టడానికి మైలేజీ ఎక్కువిచ్చే ఫోర్ స్ట్రోక్ మోటార్‌సైకిళ్ల దండే దిగాల్సొచ్చింది.