చదువు గదికి చేరని వైఫై

ఇంటిలో వైఫై పెట్టెను ఎక్కడ ఉంచవలెనను విషయము చిన్నదిగా తోచవచ్చును. మేమట్లు తలంపము. వీధి నుండి కేబులు ఇంటిలోనికి వచ్చిన చోటనే, ముందు గదిలో టెలివిజను ప్రక్కన, ఆ పెట్టె నిలిచిపోవుచున్నది. పిల్లలు చదువుకొను వెనుక గదికి గాని మేడమీదికి గాని దాని సంకేతము సరిగా అందుట లేదు. 2020లో పాఠశాలలు మూతపడినపుడు పాఠములు ఈ మార్గముననే ఇండ్లకు వచ్చినవి. సంకేతము అందని గదిలో కూర్చున్నవారికి పాఠమును అందలేదు.

తెలుగు రాష్ట్రముల వెలుపల స్థిరపడిన మనకు ఇందు మరియొక విశేషము కలదు. హోసూరు, బళ్ళారి, బరంపురము వంటి చోట్ల కోరిన తెలుగు పుస్తకము అంగడిలో దొరకుట అరుదు. నిఘంటువులు, ప్రాచీన గ్రంథముల ప్రతులు, 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియా మనకు ఇంటర్నెట్టు ద్వారానే సులభముగా లభించుచున్నవి. కావున చదువుబల్లకు వైఫై చేరకున్న, అక్కడికి తెలుగును అంతమేరకు చేరనట్లే.

కొందరు ఎక్కువ ఆంటెనాలు గల పెట్టెను కొని సమస్య తీరినదనుకొందురు. పెట్టె ఎంత బిగ్గరగా పలికినను, చేతిలోని ఫోను మెల్లగా పలుకు మాట దానికి వినబడవలెను గదా! రాతిగోడలును కాంక్రీటును ఇరువురి మాటలను అడ్డగించును. నట్టింట ఒక పెద్ద దీపము కంటె గదికొక చిన్న దీపము మేలు. మరికొందరు రిపీటరును కొందురు. అది ఒకే ఛానెలుపై వినుచు, విన్నదానిని మరల పలుకవలసి వచ్చుటచే వేగము సుమారు సగమగును.

ఉత్తమ మార్గము కేబులే అని మా అభిప్రాయము. మొదటి రూటరు నుండి వెనుక గదికి ఈథర్నెట్ కేబులు లాగి, చివర యాక్సెస్ పాయింటు నుంచవలెను. ఈ కేబులు 100 మీటర్ల వరకు పనిచేయును. పాత రూటరునే ఇందుకు వాడుకొనవచ్చును. కాని ఫోనులకు అంకెల చిరునామాలిచ్చు పనిని మొదటి రూటరుకే వదలి, రెండవదానిలో ఆపివేయవలెను. అన్నిటికిని ఒకే పేరు, ఒకే పాస్‌వర్డు, ఒకే భద్రతా విధానము ఉండవలెను. ఛానెళ్ళు మాత్రము వేరుగా నుండవలెను. 2.4 గిగాహెర్ట్జులలో 1, 6, 11 ఒకదానికొకటి అడ్డురావు.

ఇంటిలో నడచునపుడు ఏ పెట్టెను విడిచి దేనిని పట్టుకొనవలెనో నిర్ణయించునది ఫోనే. పెట్టెల శక్తి మిక్కుటమైనచో అది దూరపు పెట్టెనే పట్టుకొని వ్రేలాడును. కనుక శక్తిని కొంత తగ్గించుటయే లాభము.

గోడలకు రంధ్రములు వేయుట అద్దె ఇండ్లలో కుదరదని కొందరందురు. నిజమే. అట్టిచోట గోడ అంచు వెంబడి ప్లాస్టిక్ పట్టీలో కేబులు పోనీయవచ్చును. అదియు కుదరనిచో మెష్ పెట్టెలు కలవు. రెండవ పెట్టెను సంకేతము క్షీణించిన మూలలో గాక, ఇంకను బాగుగా అందుచున్న నడుమ చోట నుంచవలెను.

విద్యార్థులారా! ఇంటి పటమును కాగితముపై గీసి, ఫోనుతో గదిగదికి నడచి, సంకేతము తగ్గిన చోట్లను గుర్తింపుడు. తలిదండ్రులకు మా మనవి ఒక్కటే: ఆ పటమును చూచిన పిమ్మటనే క్రొత్త పెట్టెకు ధనము వెచ్చింపుడు, మొదటి కేబులును చదువుబల్ల వైపునకే లాగింపుడు.