హైడ్రోజన్‌కి మంచి సీటు దొరకాలి

ఎంసెట్ అయిపోయింది కదా, ఇక సీటు గొడవ మనకెందుకు అనుకోకండి. నేను చెప్పేది వాల్వ్ కూర్చునే సీటు గురించి. ఫైనలియర్ ప్రాజెక్టు టాపిక్‌లు వెతికే రోజులివి. మా మెకానికల్ బ్రాంచిలో ఎవర్ని కదిపినా హైడ్రోజన్ ఇంజన్ అంటున్నారు. 2023 ఫిబ్రవరిలో బెంగళూరు ఇండియా ఎనర్జీ వీక్‌లో రిలయన్స్, అశోక్ లేలాండ్ హైడ్రోజన్‌ని ఇంజన్‌లోనే మండించే ట్రక్కు చూపించాయి. ఆ ఊపు మంచిదే. కానీ మెటీరియల్ సంగతి రాగానే అందరిదీ ఒకటే పాట: ఎంబ్రిటిల్‌మెంట్, అంటే హైడ్రోజన్ ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేయడం. నన్నడిగితే వాల్వ్ సీటు దగ్గర ముందు భయపడాల్సింది దానికి కాదు, పొడితనానికి.

ఈ ముక్క మన మెదక్‌లో, రాందాస్ చౌరస్తా దగ్గర ఆటో ఇంజన్లు విప్పే అన్న ఒక్క మాటలో చెప్పిండు: "తమ్మీ, గ్యాస్ బండ్లకు సీట్లు జల్ది తింటయ్. పెట్రోల్‌కున్న జిడ్డు గ్యాస్‌కేడుంటది?"

నిజమే. ఒకప్పుడు పెట్రోల్‌లో కలిపిన సీసం సీటు మీద పల్చటి పొరలా పేరుకుని కాపాడేది. 2000 నాటికి మన దేశంలో అది పోయింది, గట్టి సీట్లు వచ్చాయి. డీజిల్‌కి మసి ఉంది. హైడ్రోజన్‌లో కార్బనే లేదు, మండితే మిగిలేది నీటి ఆవిరి. నిమిషానికి వెయ్యిసార్లు వాల్వ్ వచ్చి సీటు మీద పడుతుంటే లోహానికి లోహం అతుక్కుని చిరుగుతుంది, సీటు లోపలికి దిగుతుంది. ట్యాపెట్ గ్యాప్ మూసుకుపోయి వాల్వ్ సరిగా కూర్చోదు. వాల్వ్ వేడిలో ఎక్కువ భాగం బయటికి పోయేది సీటు గుండానే కాబట్టి ఎగ్జాస్ట్ వాల్వ్ ఎర్రబడుతుంది. పెట్రోల్‌ని అంటించడానికి కావాల్సిన శక్తిలో పదోవంతు చాలు హైడ్రోజన్‌కి. ఇక స్పార్క్ కోసం ఎందుకు ఆగుతుంది?

పోనీ గైడ్ నుంచి ఇంకాస్త ఆయిల్ దిగనిద్దామంటే, ఆ ఆయిల్ మాడి పేరుకున్నదే మళ్లీ నిప్పురవ్వ అవుతుంది.

ఎంబ్రిటిల్‌మెంట్ అబద్ధమని కాదు. అది బాగా గట్టిపరచిన ఉక్కులో, మామూలు ఉష్ణోగ్రతల దగ్గరే ఎక్కువ. అంటే అందరూ చూసే ఎగ్జాస్ట్ వాల్వ్ కంటే, పోర్ట్‌లోనే హైడ్రోజన్ తగిలే చల్లని ఇన్‌టేక్ వాల్వ్‌ని ముందు అనుమానించాలి. టైటానియం వాల్వ్ తేలికని మోజుపడొద్దు, అది హైడ్రోజన్‌తో హైడ్రైడ్ కట్టి పెళుసవుతుంది.

నా ఎంపిక ఇది. ఎగ్జాస్ట్‌కి 21-4ఎన్ లాంటి ఆస్టెనిటిక్ ఉక్కు, కూర్చునే అంచు మీద స్టెల్లైట్ పూత, కాడలో సోడియం. సీటుకి పౌడర్ మెటలర్జీ రింగు: గట్టి రేణువులు, మాంగనీస్ సల్ఫైడ్ లాంటి పొడి లూబ్రికెంట్, సందుల్లో వేడిని లాగే రాగి. రెండూ గట్టివే పెడితే సరిపోతుందనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఇది జత కుదర్చడం, విడివిడిగా మార్కులు వేయడం కాదు.

సూపర్ అల్లాయ్‌లు చేసే మిధాని, పూతల మీద పనిచేసే ఏఆర్‌సీఐ రెండూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. మనమేమో ల్యాబ్‌లో కూర్చుని సాఫ్ట్‌వేర్‌లో రంగురంగుల మంట బొమ్మలు గీస్తున్నాం. పాత సింగిల్ సిలిండర్ హెడ్ ఒకటి, క్యామ్ తిప్పడానికి మోటారు, ఒక హీటర్, కొంచెం ఆవిరి, ఒక డయల్ గేజ్. ఒకే వాల్వ్‌ని రెండు రకాల రింగుల మీద వంద గంటలు కొట్టించి, ఏది ఎంత దిగిందో కొలవొచ్చు. హైడ్రోజన్ సిలిండర్ కూడా అక్కర్లేదు. టీమ్‌లో ఇంకా ఇద్దరికి చోటుంది.